లోపలి మడత

ఆవిడ అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. వీధి మొత్తానికీ ఆవిడ టేపక్క. పొద్దున షట్టరు ఎత్తగానే మెడలో పడిన టేపు, సాయంత్రం షట్టరు దించాక కూడా దిగదు. ఒకసారి అలాగే ఎవరిదో పెళ్ళికి వెళ్ళి, వడ్డిస్తున్నవాడి భుజాలు చూసి "పద్దెనిమిదిన్నర" అని పైకే అనేసిందట. ఈ సంగతి ఊరంతా చెప్పుకు తిరిగేది ఆవిడ మొగుడే. ఆయన సిటీ బస్సు డ్రైవరు. రోజంతా జనాన్ని మోసి ఇంటికొచ్చాక మాట్లాడే ఓపిక ఉండదు కానీ, పెళ్ళాం మీద జోకులకి మాత్రం ఎక్కణ్ణుంచో ఓపిక పుట్టుకొస్తుంది.

కొట్టు ఎనిమిదడుగుల వెడల్పు. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, మూల పగిలిన నిలువుటద్దం, పైన మూటలు పడేసుకోవడానికి ఓ అటక. బల్ల సొరుగులో అట్ట ఊడిపోయిన పొడుగాటి పుస్తకం. అది కొలతల పుస్తకం. ఆ పుస్తకం విషయంలో టేపక్కకి రెండు పట్టింపులు ఉన్నాయి. మొదటిది, ఎంత పాత ఖాతాదారైనా సరే, ప్రతిసారీ కొత్తగా కొలవాల్సిందే. "పోయినసారివి ఉన్నాయిగా అక్కా" అని ఎవరైనా బద్ధకిస్తే, "పోయినసారి మనిషివేనా నువ్వు?" అంటుంది. రెండోది, పుస్తకంలో ఏముంటే కత్తెర అదే వినాలి. కళ్ళతో చూసి, మొహమాటపడి, అటూ ఇటూ సర్దడాలు లేవు.

అంత నిక్కచ్చి మనిషి ఒక్క గీత దగ్గర అబద్ధం రాసింది. ఒకసారి కాదు, మూడుసార్లు. ఈ కథంతా ఆ గీత గురించే.

టేపక్కకి ఒక చెల్లెలు. పన్నెండేళ్ళు చిన్నది కాబట్టి పేరు చిన్నదనే స్థిరపడింది. తల్లి పోయాక దానికి తల అంటి దువ్విందీ, తిట్టి తినిపించిందీ అక్కే. కొట్టులో మిగిలిన ముక్కలతో గౌన్లు కుట్టేది. ఎదిగే పిల్లల బట్టలకి లోపలి వైపు రెండంగుళాల గుడ్డ మడిచి వదులుతారు, పిల్ల ఎదిగే కొద్దీ ఆ కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చని. చిన్నదానికి ఆ మడత అంటే మహా ఇది. కొత్త గౌను చేతికివ్వగానే ముందు తిరగేసి చూసేది. మడత కాస్త సన్నంగా ఉంటే మూతి ముడిచి, "ఇంతేనా? నేను చాలా పెరుగుతాగా, లోపల ఇంకాస్త మడత పెట్టక్కా" అని సాధించేది. పెరిగింది నిజంగానే, అక్క కంటే జానెడు ఎత్తు.

చిన్నదాని మొగుడు పెళ్ళయిన మూడో ఏట రోడ్డు ప్రమాదంలో పోయాడు. అది అక్క దగ్గరికి వచ్చేసింది. పగలు ఏడుపు, రాత్రి నిద్ర లేదు. అది బళ్ళు తెరిచే కాలం, కొట్టు నిండా పిల్లల యూనిఫారాలు, ఊపిరి తీసుకునే సందు లేదు. "ఏడ్చి ఏం సాధిస్తావే, ఇలా వచ్చి గుండీలు కుట్టు, మనసు మళ్ళుతుంది" అంది టేపక్క. తప్పు ఉద్దేశంతో అన్నది కాదు. కానీ చిన్నదానికి కావలసినవి రెండు చెవులు. అక్క ఇచ్చినవి రెండు వందల గుండీలు. ఆ సంగతి టేపక్కకి ఆలస్యంగా తెలిసింది, తెలిశాక ఇక మర్చిపోలేదు.

ఆ చెవులు మిల్లు వాళ్ళ దగ్గర దొరికాయి. ఊరి చివర మూతబడిన నూలు మిల్లులో ఒక పెద్దాయన, ఆయన వెనక నలభై యాభై మంది ఉండేవారు. పేరు అడిగితే ఎవరూ చెప్పరు, అందరూ పెద్దాయన అనే అంటారు. అక్కడ ఎవరూ మాట్లాడకూడదు, పేర్లు ఉండవు, ఒక్కొక్కరికీ ఒక నంబరు. బరువే పాపమని ఆయన బోధ. ఒళ్ళు తేలికయ్యే కొద్దీ ఆత్మ పైకి లేస్తుందట. అరచేతిలో వైకుంఠం చూపించేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు, చూసేవాళ్ళు దొరకడమే వాళ్ళ అదృష్టం. చిన్నది ఒకసారి వెళ్ళి ఆ నిశ్శబ్దంలో పన్నెండు గంటలు నిద్రపోయి వచ్చింది. "ఎన్నాళ్ళకో నిద్ర పట్టిందక్కా" అంది. ఇంకోసారి వెళ్ళింది, మళ్ళీ రాలేదు. గేటు దగ్గర టేపక్క గొంతు పోయేలా అరిచినా, మేజరు అయిన మనిషి, తన ఇష్టం అన్నారు. పోలీసులూ అదే అన్నారు.

ఆరు నెలల తర్వాత మిల్లు నుంచి ఒకావిడ కొట్టుకొచ్చింది. నడుముకి తాళాల గుత్తి. లోపలివాళ్ళలో మాట్లాడే అనుమతి ఉన్నది ఆవిడకే. అప్పుడు గేటు దగ్గర అరిచిన మనిషి ఎవరో ఆవిడ ఎరగదు. "ఆడవాళ్ళకి ఇరవై ఆరు గౌన్లు కావాలి, బూడిద రంగు. సంచుల్లాగా ఉంటే చాలు" అంది తాళాలావిడ.

టేపక్క చెయ్యి ఇస్త్రీ ఆపలేదు. "సంచులు కావాలంటే గోనె కొట్టుకి వెళ్ళండి. నేను కొలవకుండా కుట్టను" అంది.

అది ఆవిడ ఎప్పుడూ అనే మాటే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. అప్పటి నుంచి ఏడాదికి రెండుసార్లు మిల్లుకి వెళ్ళడం మొదలైంది. పాత ప్యాకింగు గదిలో తాళాలావిడ లోపలి తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఆడవాళ్ళు నంబరు వరసలో వస్తారు. కొలత అయినవాళ్ళు రెండో తలుపులోంచి వెనక వసారాలోకి వెళ్ళి, అందరికీ అయ్యేదాకా బల్లల మీద కూర్చుంటారు. మాట్లాడకూడదు. కొలతలు కూడా పైకి చెప్పకూడదు, టేపక్కే రాసుకోవాలి. చిన్నది పద్నాలుగో నంబరు. ఛాతీ చుట్టూ టేపు తిప్పేటప్పుడు రెండు చేతులూ చెల్లెలి వీపు వెనక కలుస్తాయి. కావలించుకోవడానికి లోకంలో ఇంతకంటే దొంగదారి లేదు. రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల కోసం టేపక్క ఆరు నెలలు బతికేది.

మొదటి రెండుసార్లూ చిన్నదాని ఛాతీ ముప్పై నాలుగు. మూడోసారి ముప్పై రెండు చూపించింది. పెన్ను పుస్తకం మీదికి వెళ్ళింది కానీ ఆ అంకె వెయ్యలేకపోయింది. రాస్తే అది నిజమైపోతుందని భయం. ముప్పై నాలుగు అని రాసింది. పుస్తకంలో ఏముంటే కత్తెరకీ అదే కాబట్టి, గౌనూ ముప్పై నాలుగుకే కుట్టింది. నాలుగోసారి ముప్పై, ఐదోసారి ఇరవై ఎనిమిది. రెండుసార్లూ రాసింది ముప్పై నాలుగే. మిగతా వాళ్ళ గీతలన్నీ నిజం. వాటిలో దాదాపు అన్నీ తగ్గుతూనే ఉన్నాయి. పెద్దాయన బట్టల కొలతలు మాత్రం కాగితం మీద రాసి పంపేవారు. ఆయన నడుము నలభై రెండు నుంచి నలభై ఆరుకి వెళ్ళింది. తేలికయ్యే బాధ్యత శిష్యులకి వదిలేసినట్టున్నాడు.

ఐదోసారి కొలిచిన నాలుగు నెలలకి, ఒక మధ్యాహ్నం, కొట్టులోకి ఒకామె ఖాకీ ప్యాంటు చేత్తో పట్టుకుని వచ్చింది. యాభై దగ్గర వయసు, ముక్కుకి అడ్డంగా రుమాలు, తగ్గని జలుబు.

"నడుము వదులు చెయ్యాలి" అంది.

"ఎప్పటి కొలత ఇది?"

"సర్వీసులో చేరినప్పటిది."

"అయితే వదులు చెయ్యడం కాదు మేడం, కొత్త ప్యాంటు కుట్టాలి" అని టేపక్క టేపు తీసింది. కొలుస్తూ ఉండగానే ఆమె నెమ్మదిగా చెప్పింది. తను కనపడకుండా పోయినవాళ్ళ విభాగంలో ఇన్‌స్పెక్టరు. మిల్లు మీద మూడు ఫిర్యాదులు ఉన్నాయి. రెండుసార్లు తన కిందివాళ్ళని లోపలికి పంపింది, అందరూ నవ్వుతూ తలూపారట. బలవంతం అని ఎవరూ అనలేదు. జేబులోంచి ఒక ఫొటో తీసి బల్ల మీద పెట్టింది. గుండ్రటి మొహం, పెద్ద బొట్టు, గుండీల చొక్కా వేసుకున్న ఒకామె. "వీళ్ళ అన్నయ్య రోజూ నా ఆఫీసు ముందు కూర్చుంటాడు. మీరు లోపలికి వెళ్ళొస్తారట. ఈమెని చూశారా?"

చూసింది. ఏడో నంబరు. ముప్పై ఆరు నుంచి ఇరవై తొమ్మిదికి వచ్చిన మనిషి.

ఇన్‌స్పెక్టరమ్మకి చెబితే మిల్లు మీదికి మళ్ళీ పోలీసులు వెళతారు. ఏమీ తేలకపోతే, ఎవరు చెప్పారో తెలుసుకోవడం వాళ్ళకి ఎంతసేపు? రెండు నిమిషాలూ పోతాయి. "నేను గుడ్డ కుట్టేదాన్ని మేడం, మొహాలు చూడను" అంది టేపక్క. ఇన్‌స్పెక్టరమ్మ ఆవిడ మొహంలోకి కాసేపు చూసి, ముక్కు తుడుచుకుని, ప్యాంటు ఎప్పుడిస్తారని అడిగి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మొగుడు అన్నం తింటూ, "నువ్వు మింగలేకా కక్కలేకా ఉన్నావు" అన్నాడు. ఆవిడ కూర గిన్నె ఆయన ముందుకి తోసింది. ఆయన ఆ రోజు జోకు వెయ్యలేదు.

రెండు నెలలు గడిచాయి. ఆరోసారి కొలతలకి పిలుపు రావలసిన వారం, ఒక మంగళవారం, తాళాలావిడే కొట్టుకి వచ్చింది. తెల్లగుడ్డ తాను ఒకటి బల్ల మీద పెట్టింది.

"ఈసారి తెల్లవి. పొడుగు పాదాల దాకా. కొలతలు అక్కర్లేదు, అందరికీ ఒకటే సైజు."

"కొలవకుండా నేను..."

"అంచులు కూడా మడవద్దు. అలా వదిలెయ్యండి."

"అంచు మడవకపోతే మొదటి ఉతుకుకే పోగులు ఊడొస్తాయమ్మా."

"ఉతికే పని లేదు" అంది తాళాలావిడ, ప్రశాంతంగా. "ఆదివారం పొద్దుటికి కావాలి."

ఆవిడ వెళ్ళాక టేపక్క ఆ తెల్లగుడ్డ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది. ముప్పై ఏళ్ళుగా మిషను తొక్కుతున్న మనిషి. పసిపిల్లల జుబ్బాల నుంచి ముసలివాళ్ళ లాల్చీల దాకా ఆవిడ చేతి మీదుగా వెళ్ళిన ప్రతిదీ ఉతుకుతారనే కుట్టింది. ఉతకనక్కర్లేని గుడ్డ ఎలాంటి వాళ్ళకి తొడుగుతారో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. షట్టరు సగం దించి, కొలతల పుస్తకం సంచీలో పెట్టుకుని, పట్టపగలు పోలీసు ఆఫీసుకి నడిచింది.

ఇన్‌స్పెక్టరమ్మ ఏమీ దెప్పలేదు. అంచు సంగతి రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత పుస్తకం తిరగేస్తూ ఒక కాగితం మీద రెండు జాబితాలు రాసింది. ఒక పక్క తగ్గినవాళ్ళు, ఇరవై రెండు మంది. రెండో పక్క తగ్గనివాళ్ళు, నలుగురు. తాళాలావిడ, వంటగదిలో ఇద్దరు, పద్నాలుగో నంబరు.

"ఇది చాలు" అంది. "ఇన్నాళ్ళూ నాకు లేనిది ఇదే. కడుపు మాడుస్తున్నారని మాటల్లో చెబితే మేజిస్ట్రేటు వినరు, అంకెలు చూస్తే వింటారు. ఈ నలుగురూ మాత్రం లోపలి మనుషులు. వాళ్ళు తింటూ మిగతావాళ్ళని మాడుస్తున్నారు. వీళ్ళని ముందు విడిగా అదుపులోకి తీసుకోవాలి. ఈ పద్నాలుగు ఎవరు?"

టేపక్క పుస్తకం వైపు చూసింది. చెప్పకపోతే పుస్తకం నిలబడుతుంది, ఇరవై రెండు మంది బయటికొస్తారు, చిన్నది దొంగల్లో కలిసిపోతుంది. చెబితే పుస్తకమే పోవచ్చు, చిన్నదానితో సహా అందరూ ఆదివారం ఆ తెల్ల గౌన్లు తొడుక్కోవచ్చు.

"మా చెల్లెలు మేడం" అంది. "ఆ గీత అబద్ధం. నేను తప్పు రాశాను. అది ముప్పై నాలుగు కాదు, ఇరవై ఎనిమిది."

ఇన్‌స్పెక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఎందుకు?"

"రాయలేకపోయాను."

"ఒక గీత అబద్ధమని తేలితే పుస్తకమంతా అబద్ధమే అంటాడు వాళ్ళ లాయరు" అంది ఇన్‌స్పెక్టరమ్మ. కోపంగా అనలేదు, అలిసిపోయినట్టు అంది. "నిజం కొలత ఇదీ అని చూపించడానికి మీ దగ్గర ఇంకేమైనా ఉందా? ఏదైనా సరే."

టేపక్క లేదని తలూపబోయి ఆగింది. కొత్త గౌన్లు ఇచ్చినప్పుడల్లా మిల్లు వాళ్ళు పాతవి మూటగట్టి ఆవిడకే ఇచ్చేస్తారు, మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండని. ఆవిడ ఆ మూట విప్పకుండానే పరుపుల కొట్టుకి పంపేసేది, లోపల దూదితో పాటు కూరుకుంటారని. చెల్లెలు విడిచిన గుడ్డ చేత్తో ముట్టుకోవాలంటే ధైర్యం లేక. కిందటిసారి మూట మాత్రం ఇంకా అటక మీదే ఉంది.

ఇద్దరూ కొట్టుకి వచ్చారు. ఇన్‌స్పెక్టరమ్మ స్టూలు పట్టుకుంటే టేపక్క ఎక్కి మూట దించింది. దుమ్ముకి ఇన్‌స్పెక్టరమ్మ ఆపకుండా తొమ్మిది తుమ్ములు తుమ్మింది. గౌన్లన్నీ మెడ పట్టీ లోపల నంబరు కుట్టి ఉన్నాయి. పద్నాలుగు దొరికింది. టేపక్క అలవాటు కొద్దీ ముందు తిరగేసింది.

రెండు పక్కలా లోపలికి మడిచి చేత్తో కుట్టి ఉంది. బయటి నుంచి కనపడనంత సాఫుగా మడత, లోపల పెద్ద పెద్ద కుట్లు, చివర ముడి వేసిన తీరు టేపక్క నేర్పినదే. రెండు వరసలు ఉన్నాయి. టేపక్క టేపు తీసి పెట్టింది. మొదటి వరస ఒక్కో పక్క రెండు అంగుళాలు, వెరసి నాలుగు. ముప్పై నాలుగులో నాలుగు పోతే ముప్పై, ఆ గౌను ఇచ్చిన రోజు టేపు చూపించింది అదే. దాని లోపల రెండో వరస, ఒక్కో పక్క మూడు. ముప్పై నాలుగులో ఆరు పోతే ఇరవై ఎనిమిది, ఆ గౌను విడిచిన రోజు కొలత. అక్క రాయలేని రెండు అంకెల్నీ చెల్లెలు సూదితో రాసి పెట్టింది.

"మిగతావాళ్ళ గౌన్లు?" అంది ఇన్‌స్పెక్టరమ్మ. పదింటిని కొలిచి చూశారు. పుస్తకంలో ఉన్నదే గుడ్డలో ఉంది, అంగుళం తేడా లేదు.

"సరిపోతుంది. తప్పు ఎక్కడుందో మీరే చూపించారు, ఎంతుందో గుడ్డ చూపించింది. మేజిస్ట్రేటు గారికి నేను చెప్పుకుంటా" అని ఇన్‌స్పెక్టరమ్మ గౌను మడవబోయింది. టేపక్క ఇవ్వలేదు. ఆ కుట్ల మీద వేలు పెట్టి అలాగే ఉంది.

"మేడం, ఇది చూడండి. ఎక్కువైన గుడ్డని మా చెల్లెలు కత్తిరించలేదు. అందరూ అయితే కత్తిరించి పారేసి చిన్నది చేసుకుంటారు, అదే తేలిక. అది మడిచి దాచింది. మళ్ళీ విప్పుకోవచ్చని." ఆ మడత తెరిచి ఆమె ముందు పెట్టింది. "ఇది చావాలనుకునే మనిషి చేసే పని కాదు మేడం. అది పెరుగుదామనే ఉంది."

ఇన్‌స్పెక్టరమ్మ రుమాలు తీసింది. ఈసారి జలుబుకి కాదనుకోవాలి.

చిక్కల్లా లోపలికి వెళ్ళడం. పోలీసు బళ్ళు గేటు ముందు ఆగితే, ఆదివారం జరగాల్సింది ఆ క్షణమే జరగొచ్చు. లోపలి హాలుకి ఒకటే తలుపు, తాళంచెవి తాళాలావిడ నడుముకి ఉంది. టేపక్కే దారి చెప్పింది. గురువారం తాళాలావిడ గౌన్లు ఎంతవరకు వచ్చాయో చూడ్డానికి వచ్చినప్పుడు, "ఒకసారి అందరికీ కొలిచి చూడాలమ్మా" అంది.

"వద్దన్నాగా."

"మీ ఇష్టం. ఆ రోజు పెద్దాయన ముందు గౌను భుజం మీంచి జారిపోతూ, కాళ్ళకి అడ్డం పడుతూ నిలబడితే చూడ్డానికి బాగుంటుందా? తర్వాత నా చేతిపని అనొద్దు."

తాళాలావిడ ఆలోచించింది. ఎంత వైరాగ్యం బోధించేవాళ్ళకైనా ఊరేగింపు బాగుండాలని ఉంటుంది. "రేపు పదింటికి రండి" అంది.

శుక్రవారం పదింటికి టేపక్క మిల్లుకి వెళ్ళింది. వెనకాలే పుస్తకం పట్టుకుని, పాత చీరలో ఇన్‌స్పెక్టరమ్మ. "చేతులు నొప్పులు, అందుకని రాయడానికి మనిషిని తెచ్చుకున్నా. ఆవిడ రాయాలంటే నేను పైకి చెప్పాలి మరి" అంది టేపక్క. తాళాలావిడ మొహం చిట్లించి, సరే కానివ్వమంది. వెనక గేటు గొళ్ళెం పోలీసులు అప్పటికే తీసి పెట్టారు. వసారా పక్కన ఒక బస్సు ఆగి ఉంది. దాని స్టీరింగు ముందు టేపక్క మొగుడు. పోలీసు డ్రైవరు ఉన్నా తనే నడుపుతానని పట్టుబట్టి వచ్చాడు. మిల్లు వెనక పొలంలో పనిచేసే మగవాళ్ళ దగ్గరికి ఇంకో పోలీసు జట్టు వెళ్ళింది.

ఆడవాళ్ళు నంబరు వరసలో వచ్చారు. టేపు చూడగానే అలవాటుగా చేతులు కాస్త ఎత్తి నిలబడేవారు.

"ఛాతీ ఇరవై ఏడు" అని టేపక్క పైకి చెప్పింది. "ఇరవై తొమ్మిది. ఇరవై ఏడున్నర."

మూడేళ్ళుగా ఆ గదిలో మనిషి గొంతు వినపడలేదు. తన అంకె తను విన్న ప్రతి మనిషీ ఒక్క క్షణం ఆగి, అప్పుడు వసారా తలుపు వైపు నడిచింది. అక్కడ నర్సు బట్టల్లో ఉన్న కానిస్టేబులు చెయ్యి పట్టుకుని బస్సులోకి ఎక్కించేది. ఏడో నంబరు గోడ పట్టుకుని వచ్చింది. ఆమెకి టేపు రెండుసార్లు తిప్పాల్సి వచ్చింది, మొదటిసారి అంకె నమ్మలేక.

పద్నాలుగు వచ్చింది. కళ్ళు పెద్దవయ్యాయి, లేకపోతే మొహం చిన్నదయ్యింది. టేపక్క చేతులు దాని వీపు వెనక కలిశాయి. టేపు ముందుకి లాగి చూసింది.

"ఇరవై ఆరున్నర" అంది. ఈసారి గట్టిగానే అంది. "రాసుకోండమ్మా, ఇరవై ఆరున్నర."

చిన్నది కదల్లేదు. ఎన్నాళ్ళుగానో వాడని గొంతు, గాలి లాంటి మాట: "లోపల మడత పెడతావా అక్కా?"

తాళాలావిడ కుర్చీలోంచి లేవబోయింది. "మాటలు..." అంటుండగానే ఇన్‌స్పెక్టరమ్మ ఆవిడ పక్కకి వెళ్ళి నిలబడి చీర కొంగులోంచి కార్డు చూపించి, "కూర్చోండి. చప్పుడు చెయ్యకండి. మీరేగా చెప్పేది" అంది.

"పెడతానే" అంది టేపక్క. "నాలుగంగుళాలు పెడతా. పద, బయట మీ బావ ఉన్నాడు."

చిన్నది వసారా తలుపు దాటి వెళ్ళింది. దాని వెనకాల పరిగెత్తాలని టేపక్క ఒళ్ళంతా లాగింది. కానీ లోపలి తలుపు దగ్గర పదిహేనో నంబరు చేతులు కాస్త ఎత్తి నిలబడి ఉంది. ఆమె వెనక ఇంకా పదకొండు మంది. వరస చెదిరితే వాళ్ళు తిరిగి హాల్లోకి వెళ్ళిపోతారు. టేపక్క టేపు సర్దుకుని, "ఇలా రామ్మా" అంది. పన్నెండు మందినీ కొలిచింది, ఒక్కరికీ తొందర పెట్టలేదు. బయట బస్సు హారన్ ఒకసారి మెల్లిగా మోగింది. ఆయన ముప్పై ఏళ్ళ సర్వీసులో హారన్ అంత మెల్లిగా ఎప్పుడూ కొట్టి ఉండడు. ఎక్కింది అని చెప్పడం అది.

వంటగదిలో గ్లాసులు కడిగి వరసగా బోర్లించి ఉన్నాయట, పక్కన సీలు విప్పని పురుగుల మందు డబ్బా. పెద్దాయన పైగదిలో భోజనం చేస్తూ దొరికాడు. ఆయనకి గ్లాసు లేదు.

అందరూ బతికారని చెబితే బాగుండేది. ఏడో నంబరామె ఆసుపత్రిలో ఆరో రోజున పోయింది. రెండు నెలల ముందు, ఫొటో బల్ల మీద పెట్టిన రోజే పుస్తకం ఇచ్చి ఉంటే ఏమయ్యేదో డాక్టర్లెవరూ చెప్పలేదు, టేపక్కా అడగలేదు. ఆమె అన్నయ్య ఒకరోజు కొట్టుకి వచ్చాడు. టేపక్క లేచి నిలబడి, జరిగింది దాచకుండా చెప్పింది. "మేడం అడిగినప్పుడు తెలియదన్నాను. తెలుసు" అంది. అతను తిట్టలేదు. "మొదటిసారి కొలిచినప్పుడు ఎంత ఉంది?" అని అడిగాడు. పుస్తకం కోర్టులో ఉంది, కానీ ఆవిడకి నోటికి తెలుసు. ముప్పై ఆరు అని చీటీ మీద రాసిచ్చింది. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. ఆ రోజు టేపక్క మిషను తొక్కలేదు.

చిన్నది ఇప్పుడు కొట్టులోనే ఉంటుంది. ఇన్‌స్పెక్టరమ్మ ప్యాంటు మళ్ళీ వదులు చేయించుకోవడానికి వచ్చింది, వీధి మొత్తానికి తగ్గనిది ఆమె జలుబూ పెరిగేది ఆమె నడుమూ అని టేపక్క మొగుడు జోకు కట్టాడు. చిన్నది మొదట్లో రోజుకి నాలుగు మాటలు మాట్లాడేది. అది మొదలుపెడితే టేపక్క కత్తెర కింద పెట్టేస్తుంది, ఖాతాదారులు నిలబడి ఉన్నా సరే. బళ్ళు తెరిచే కాలం మళ్ళీ వచ్చింది, యూనిఫారాలు కుప్పలు పడ్డాయి. గుండీలు కుట్టమని ఆవిడ చెల్లెల్ని అడగలేదు. అదే తెచ్చుకుని కుడుతోంది.

మాటిచ్చినట్టే నాలుగంగుళాల మడత పెట్టి దానికి నీలం రంగు గౌను కుట్టింది టేపక్క. నెలకోసారి కొలుస్తుంది. కొత్త పుస్తకంలో మొదటి పేజీ అంతా చిన్నదే: ఇరవై ఆరున్నర, ఇరవై ఏడు, మళ్ళీ ఇరవై ఆరున్నర, ఇరవై ఎనిమిది. ఎంత చూపిస్తే అంత రాస్తుంది, తగ్గినా సరే.

ఎనిమిదో నెలలో ఒక పొద్దున, షట్టరు ఎత్తిన కాసేపటికి, చిన్నది ఆ నీలం గౌను తిరగేసి తెచ్చి అక్క ఒళ్ళో పడేసింది.

"పక్కల్లో పట్టేస్తోందక్కా. ఒక వరస విప్పు."

టేపక్క సూది మొనతో మొదటి కుట్టు ఎత్తింది.